ఇంట్లోనే కారు చార్జింగ్: కర్నూలులో పద్నాలుగు నెలల ఖర్చు, కాలిన సాకెట్, కరెంటు స్లాబుల లెక్క

మా గేటు లోపల కారు ప్లగ్గుకు తగిలించి ఉండటం చూసినవాళ్లు ఎవరైనా మొదట అడిగేది కరెంటు బిల్లు గురించే. పాలు పోసే అబ్బాయి అడిగాడు, మా ఆఫీసులో మేనేజరు గారు అడిగారు, పెళ్లిలో భోజనాల దగ్గర పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దావిడ కూడా అడిగింది. మొదట్లో “యూనిట్ ఆరు రూపాయలు వేసుకోండి, కిలోమీటరుకు రూపాయి కూడా పడదు” అని చెప్పేదాన్ని, ఎందుకంటే కారు కొనేటప్పుడు నాకూ అందరూ అదే చెప్పారు. అది తప్పు లెక్క అని మూడో బిల్లు చేతికి వచ్చాక అర్థమైంది. అందుకే ఇప్పుడు కూర్చుని వివరంగా రాస్తున్నాను, మొదటి నెల తప్ప మిగతా అన్ని నెలలకూ రోజువారీ రీడింగులు నోటుబుక్కులో ఉన్నాయి, అంకెలన్నీ అందులోంచే.

ముందు మా పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే దాన్ని బట్టే ఖర్చు మారుతుంది. ఉండేది కర్నూలులో సొంత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రమే, కారు గేటు లోపలే పెట్టుకుంటాం. నా ఉద్యోగం డోన్‌లో. రోజూ హైవే మీద వెల్దుర్తి మీదుగా వెళ్లి రావాలి, రానూపోనూ దాదాపు 110 కిలోమీటర్లు. నెలకు 22 రోజులు వేసుకుంటే 2,420 కిలోమీటర్లు. ఇంతకు ముందు ఉన్న పెట్రోలు కారు లీటరుకు 17 ఇచ్చేది, అంటే నెలకు 142 లీటర్లు, మా ఊళ్లో పెట్రోలు 109 రూపాయలు ఉన్నప్పుడు 15,500 దాకా అయ్యేది. జీతంలో అంత మొత్తం పెట్రోలు బంకులో పోసి రావడం ఎంత బాధగా ఉంటుందో రోజూ పక్క ఊరికి వెళ్లి ఉద్యోగం చేసేవాళ్లకే తెలుస్తుంది. అందుకని టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీ తీసుకున్నాం, 24 కిలోవాట్ అవర్, అంటే 24 యూనిట్ల బ్యాటరీ ఉన్నది. ఏసీ వేసుకుని హైవే మీద 80 దాటకుండా నడిపితే 110 కిలోమీటర్లు పోయి వచ్చాక కూడా నలభై శాతం పైనే మిగులుతుంది. కాబట్టి దారిలో ఎక్కడా చార్జింగ్ వెతుక్కోవాల్సిన టెన్షన్ లేదు, రాత్రి ఇంట్లో పెట్టుకుంటే చాలు.

కారుతో పాటు వచ్చిన చార్జర్ మామూలు 15 ఆంప్స్ మూడు పిన్నుల ప్లగ్గు. మన ఇళ్లలో గీజరుకు, ఏసీకి పెట్టే సైజు సాకెట్‌కు సరిపోతుంది. వైరు మధ్యలో చిన్న ఇటుకంత బాక్సు ఉంటుంది, దాని మీద లైట్లు. ఇది సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది, పది శాతం నుంచి వంద దాకా ఎక్కాలంటే కంపెనీ చెప్పేది 8.7 గంటలు. నాకు రోజూ వాడినంతే ఎక్కించుకోవాలి కాబట్టి అయిదు గంటలు, కొంచెం ఎక్కువ పడుతుంది. రాత్రి పదకొండుకు పెడితే తెల్లారుజామున నాలుగున్నరకల్లా అయిపోతుంది. ఆరున్నరకు నేను బయల్దేరేసరికి బ్యాటరీ నిండి ఉంటుంది.

ఇక్కడిదాకా వినడానికి చాలా తేలిగ్గా ఉంది కదా, ప్లగ్గు పెట్టడం, పొద్దున తీయడం. నేనూ అలాగే అనుకున్నాను. కారు రాకముందే ఒక కుర్ర ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గేటు పక్క గోడకు సాకెట్ పెట్టించాను. కొత్త లైను లాగాలంటే గోడ కొట్టాలి, ఎందుకక్కా అంత ఖర్చు, బాత్రూం గీజరు లైను నుంచే ఇస్తాను అన్నాడు. సరే అన్నాను. కారు వచ్చిన రోజు ప్లగ్గు పెడితే చార్జరు బాక్సు మీద ఎర్ర లైటు వచ్చింది, చార్జింగ్ ఎక్కలేదు. అతనికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చి సాకెట్ విప్పి ఏదో చేసి బిగించాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. “ఏం కాదులే అక్కా, కొత్త కారు కదా, ఎర్తింగ్ సరిగ్గా పట్టుకోలేదు అంతే” అన్నాడు. ఏం చేశావని నేను అడగలేదు, ఎర్తింగ్ పట్టుకోవడం అంటే ఏంటో అప్పటికి నాకు తెలియదు కూడా.

ఇరవై మూడో రాత్రి. మార్చి చివర, కర్నూలులో అప్పటికే ఎండలు ముదిరాయి. ఒంటిగంట దాటాక అత్తమ్మ లేచి నన్ను లేపారు, ఏదో ప్లాస్టిక్ కాలుతున్న వాసన వస్తోందని. వంటింట్లోకి పోయి గ్యాస్ చూశాను, లేదు. వరండా తలుపు తీస్తే ఘాటు వాసన ముఖానికి కొట్టింది. సాకెట్ దగ్గర చేయి పెడితే అంత దూరం నుంచే వేడి తెలుస్తోంది. మెయిన్ ఆపేసి, మా ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గు లాగితే రాలేదు, పిన్ను సాకెట్ లోపల అతుక్కుపోయింది. తెల్లారాక వెలుతురులో చూస్తే తెల్లటి సాకెట్ మీద ఒక పక్క, లైవ్ పిన్ను (కరెంటు వచ్చే పిన్ను) దూరే రంధ్రం చుట్టూ, అర్ధరూపాయి బిళ్లంత మేర గోధుమ రంగుకు తిరిగి ఉబ్బిపోయి ఉంది. మిగతా రెండు రంధ్రాలు కొత్తగానే ఉన్నాయి. చెక్క తలుపుకు జానెడు దూరంలో. అత్తమ్మకు నిద్ర తేలిక కాబట్టి సరిపోయింది, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

తర్వాత ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన మనిషి, ఫ్యాక్టరీల్లో మోటార్ల పని చేసి వచ్చినవారు, మా ఆఫీసులో ఒకరు చెబితే దొరికారు. ఆయన సాకెట్ విప్పి నన్ను పిలిచి చూపించారు. లోపల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే) పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకు వేలెడు పొడవు నల్ల వైరు ముక్క ఒకటి తగిలించి ఉంది. “ఇది చూడమ్మా, కారుకు అబద్ధం చెప్పినాడు” అన్నారు. విషయం ఏంటంటే, ఎర్తింగ్, అంటే లీకైన కరెంటు నేలలోకి పోయే దారి, లేకపోతే చార్జరు పని చేయదు, మన ప్రాణం కాపాడటానికే అలా చేశారు. ఈ ముక్క తగిలిస్తే ఎర్తింగ్ ఉందని చార్జరు మోసపోతుంది. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే అదే ముక్కలోంచి కరెంటు కారు బాడీకి వస్తుంది, తలుపు మీద చెయ్యి వేసినవాళ్లకు షాకు కొడుతుంది. మా పాప రోజూ స్కూలు బ్యాగు ఆ కారుకే ఆనించి చెప్పులు వేసుకుంటుంది. ఇరవై మూడు రోజులు మేం అలా తిరిగాం.

దయచేసి ఈ ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఇప్పటికే చార్జింగ్ సాకెట్ ఉంటే, అది పెట్టిన రోజు మొదట ఎర్ర లైటు వచ్చి, తర్వాత ఎలక్ట్రీషియన్ ఏదో చేశాక ఆకుపచ్చ వచ్చి ఉంటే, మెయిన్ ఆపించి, తెలిసిన వేరే మనిషితో సాకెట్ విప్పించి చూడండి. ఈ వైరు ముక్క పెట్టడం మన ఊళ్లలో అరుదైన పనేమీ కాదని ఆ పెద్దాయనే చెప్పారు, గీజర్లకూ, వాషింగ్ మెషిన్లకూ కూడా పెడతారట.

సాకెట్ ఎందుకు కాలిందో కూడా ఆయనే చెప్పారు, రెండు కారణాలు. గీజరు లైను సన్న వైరు, గీజరు పావుగంట నడిచి ఆగుతుంది కాబట్టి అది తట్టుకుంటుంది, కారు అయిదారు గంటలు ఆగకుండా 13 ఆంప్స్ లాగుతుంది, పైగా సాకెట్ కూడా ఇళ్లలో వాడే చవక రకం. రెండోది ఎవరూ చెప్పని సంగతి. చార్జరు మధ్యలో ఉండే ఆ ఇటుక బాక్సును నేను కింద ఆధారం లేకుండా సాకెట్ నుంచే వేలాడదీసేదాన్ని. ఆ బరువుకు ప్లగ్గు కిందికి లాగి పిన్నులు వదులైపోయాయి, వదులైన చోట వేడి పుట్టింది, వేడికి ఇంకా వదులైంది. ఇప్పుడు బాక్సు కోసం గోడకు ఒక కొక్కెం కొట్టించాం. రెండు రూపాయల మేకు.

కొత్త పని ఇలా చేశారు. మెయిన్ బోర్డు దగ్గర్నుంచి గేటు దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది), ఇనుప బాక్సులో వచ్చే గట్టి సాకెట్, పక్కనే కారు యూనిట్లు విడిగా చూపే సబ్‌మీటరు. వీటన్నిటికంటే ఎక్కువ శ్రమ ఎర్తింగ్ గుంతకే అయ్యింది. మా వీధిలో నేల పైన నల్లమట్టి, కింద బండ. ఒకచోట తవ్వితే మూడడుగుల్లో గడ్డపార ఖంగుమంది. ఇంకోచోట వాకిట్లో పరిచిన బేతంచర్ల బండలు రెండు లేపి తవ్వితే ఎనిమిదడుగులు దిగింది. జీఐ పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెట్టారు. పాత ఎర్తింగ్‌ను మీటరు పెట్టి చూస్తే 14 ఓమ్‌లు, కొత్తది 2.8. అయిదు లోపు ఉండాలట. అయితే మే నెలలో మన దగ్గర నేల పగుళ్లు తీసేంత ఎండిపోతుంది, నేల ఎండితే ఎర్తింగ్ బలం తగ్గుతుంది, కాబట్టి వారానికి రెండుసార్లు గుంతలో బకెట్ నీళ్లు పోయమన్నారు. ఆ పని అత్తమ్మ తీసుకున్నారు. పొద్దున తులసికోటకు నీళ్లు పోశాక మిగిలినవి అటు పోసి వస్తారు.

మొత్తం ఖర్చు 16,500. అందులో వైరు 4,800, ఎర్తింగ్ గుంత 3,800, ఆర్‌సీసీబీ 2,600, ఆయన కూలి 2,200, మిగతావన్నీ చిల్లర సామాన్లు. మొదట్లో పెట్టించిన రెండు వేల పనికి బదులు ఇదే చేయించి ఉంటే బాగుండేది. ఇలాంటి సాకెట్ పెట్టి చార్జరు మొదలుపెట్టిన గంటన్నరకు వెళ్లి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది అంతే. ఇప్పటికీ నెలకోసారి చూస్తాను. మీరూ చూడండి, చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే ఆపేయాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో మాత్రం ఎప్పుడూ కారు చార్జింగ్ పెట్టొద్దు.

సరే, డబ్బుల సంగతికి వస్తాను.

మొదటి మాట, కారు స్క్రీన్ మీద చూపించే యూనిట్లకు, మీరు డబ్బు కట్టే యూనిట్లకు తేడా ఉంటుంది. సబ్‌మీటరు పెట్టాక ఈ సంగతి బయటపడింది. కారులో 13 యూనిట్లు ఎక్కితే గోడ దగ్గర మీటరు 15 చూపిస్తుంది. ఇంటికొచ్చేది ఏసీ (దిశ మారుతుండే) కరెంటు, దాన్ని కారు తన లోపల బ్యాటరీకి సరిపోయే డీసీ (ఒకే దిశలో పోయే) కరెంటుగా మార్చుకోవాలి, ఆ మార్పులో కొంత వేడి రూపంలో పోతుంది, చార్జింగ్ ఎక్కుతున్నంతసేపూ కారులో కంప్యూటర్లు మేల్కొని ఉంటాయి, వాటికీ కొంత. ఇది ఏ కారుకైనా తప్పదు. కాబట్టి “యూనిట్‌కు ఎనిమిదిన్నర కిలోమీటర్లు వస్తోంది” అని కారు చెబితే నిజంగా మీరు లెక్కేసుకోవాల్సింది ఏడు, ఏడుంపావు. నాకు నెలకు గోడ దగ్గర 330 యూనిట్లు అవుతున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు స్లాబులు మెట్లలా ఉంటాయి. మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, నాలుగొందలు దాటితే 9.75. 2022లో వచ్చిన స్లాబులు ఇవి. అందరూ చేసే పొరపాటు ఏంటంటే మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, సగటు ఇంత కదా, కారుకూ అంతే అనుకోవడం. అలా కాదు. కారు రాకముందు కూడా మీ ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, మోటారు ఉన్నాయి, కింది మెట్లన్నీ అవి ఎప్పుడో ఆక్రమించేశాయి. ఇల్లు ఏ మెట్టు మీద ఆగిందో కారు అక్కడ్నుంచి ఎక్కడం మొదలుపెడుతుంది.

మా ఇల్లు చలికాలంలో నెలకు 180 యూనిట్లు వాడుతుంది. దానికి ఎనర్జీ చార్జీ (యూనిట్లకు పడే డబ్బు) 747 రూపాయలు. కారు 330 కలిస్తే 510 యూనిట్లు, అప్పుడు 3,620. అంటే కారు వల్ల పెరిగింది 2,873, యూనిట్‌కు 8.70 పడింది. నేను అందరికీ చెప్పిన ఆరు రూపాయలు ఎక్కడ, ఇది ఎక్కడ. ఇక మే నెల చూడండి. ఇంట్లో ఏసీ రాత్రంతా నడుస్తుంది కాబట్టి ఇల్లే 320 యూనిట్లకు పోయింది, కారులో ఏసీ ఎక్కువ వాడి కారు కూడా 360కి పోయింది. మొత్తం 680. ఇల్లు ఒక్కటే అయితే 1,848, కారుతో కలిపి 5,278. కారు వాటా 3,430, యూనిట్‌కు తొమ్మిదిన్నర రూపాయలు. వీటి మీద యూనిట్‌కు 6 పైసల సుంకం, బిల్లులో కింద కనిపించే ఇంధన సర్దుబాటు చార్జీలు అదనం, అవి నెలను బట్టి మారతాయి కాబట్టి వేయలేదు.

కిలోమీటరుకు చూస్తే చలికాలంలో 1.20, మేలో 1.40. రూపాయి లోపు అన్నమాట నా విషయంలో ఏ నెలా నిజం కాలేదు. అయినా పెట్రోలుకు ఆరు రూపాయల నలభై పైసలు అయ్యేది, నెలకు పన్నెండు వేలు మిగులుతున్నాయి, అందులో అబద్ధం లేదు. కారు ఈఎంఐలో చాలా భాగం ఆ డబ్బుతోనే పోతోంది. ఖర్చు తక్కువే, కానీ జనం చెప్పుకునేంత తక్కువ కాదు, ఈ సంగతి ముందే తెలిసి కొనుక్కుంటే బిల్లు చూసినప్పుడు ఇంట్లో గొడవలు ఉండవు. మాకు మూడో బిల్లు వచ్చిన రోజు మా ఆయన మీటరు పాడైందేమో అని రీడింగ్ తీసే అబ్బాయిని నిలబెట్టి అడిగారు, పాపం అతను స్లాబుల కాగితం తీసి చూపించాడు. మీటరు బాగానే ఉంది, లెక్క రానిది మాకే.

ఇదే లెక్క వేరే ఇంట్లో పూర్తిగా తిరగబడుతుంది. మా వీధి చివర రిటైరైన మాస్టారు, వాళ్లావిడ ఇద్దరే ఉంటారు, ఏసీ లేదు, నెలకు 90 యూనిట్లు. ఆయన కొనుక్కుంటున్న కారు ఊళ్లోనే తిరగబోతోంది, కూరగాయల మార్కెట్, గుడి, ఎప్పుడైనా మంత్రాలయం. నెలకు వంద యూనిట్లు అనుకుందాం. మొత్తం 190. ఆయన కారు యూనిట్లలో 35కు నాలుగున్నర, మిగతా 65కు ఆరు, కలిపి 547 రూపాయలు. యూనిట్ అయిదున్నరే. ఒకే వీధి, ఒకే కరెంటు, నాకు 8.70, ఆయనకు 5.48. అందుకే “ఇంట్లో చార్జింగ్ ఎంత పడుతుంది” అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ముందు వాళ్ల ఇంటి బిల్లు తెమ్మంటున్నాను.

మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ టారిఫ్‌లో (రేట్ల పట్టికలో) ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌కు విడిగా ఒక కేటగిరీ ఉంది, యూనిట్ 6.70, స్లాబులు లేవు. దానికి వేరే మీటరు, వేరే సర్వీసు (కనెక్షన్) కావాలి. నా 330 యూనిట్లకు ఆ రేటులో 2,211 అవుతుంది, అంటే చలికాలంలో నెలకు 660, మేలో వెయ్యి రూపాయల పైన మిగులుతుంది. మాస్టారికి మాత్రం అది నష్టం, 5.48కి వచ్చేది 6.70కి కొనుక్కున్నట్టు. ఇల్లూ కారూ కలిపి 225 యూనిట్లు దాటనివాళ్లు రెండో మీటరు జోలికి వెళ్లక్కర్లేదు. నాలుగొందలు దాటేవాళ్లు తప్పకుండా లెక్కేసుకోవాలి. మేం వచ్చే ఎండాకాలంలోపు తీసుకుందామని అనుకుంటున్నాం, లైను, ఎంసీబీ, ఎర్తింగ్ అన్నీ ఇప్పటికే విడిగా ఉన్నాయి కాబట్టి మీటరు మార్చి కలపడమే. లైను విడిగా వేయించడం వల్ల ఇలాంటి లాభం ఒకటి ఉంటుందని అప్పుడు తెలియదు. అలాగే మీ ఇంటి కనెక్షన్ లోడ్ ఎంతుందో బిల్లు మీద చూసుకోండి, ఏసీ, కారు కలిస్తే మూడు కిలోవాట్లు ఎటూ దాటుతుంది, లోడ్ పెంచుకుంటే ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాటుకు నెలకు పది రూపాయలే.

సోలార్ గురించి కూడా అందరూ అడుగుతారు, అడగాల్సిందే. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న ప్రాంతం మనది, ఎండ మనకు లోటా. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తుంది. మూడు కిలోవాట్లు మన ఎండకు నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి. కారు పగలు డోన్‌లో ఉంటే ఆ కరెంటు ఏం చేసుకుంటావ్ అని మా తమ్ముడు అడిగాడు, నెట్ మీటరు ఉంటే పగలు లైనులోకి పంపింది లెక్కలో ఉంటుంది, రాత్రి మనం వాడుకున్న దాంట్లోంచి తీసేస్తారు. ముఖ్యమైన సంగతి, సోలార్ యూనిట్లు పై మెట్టు నుంచి కోసుకొస్తాయి. నా 510లో 350 పోతే 160 మిగులుతుంది, దానికి 627 రూపాయలు. అంటే నెలకు మూడు వేలు తగ్గినట్టు. మేం ఇంకా వేయించలేదు, డాబా మీద రెండు గదులు కట్టాలని ఉంది, అవి అయ్యాక వాటి మీద పెట్టిస్తే మళ్లీ విప్పే పని ఉండదు.

7.2 కిలోవాట్ల గోడ చార్జరు పెట్టించుకోవాలా? నా వరకు అనవసరం. మూడున్నర, నాలుగు గంటల్లో బ్యాటరీ మొత్తం నిండుతుంది నిజమే, కానీ నేను నిద్రపోతున్నప్పుడు నాలుగు గంటల్లో నిండితే ఏంటి, తొమ్మిది గంటల్లో నిండితే ఏంటి. యూనిట్లు ఏమీ తగ్గవు. పైగా 32 ఆంప్స్ లాగుతుంది, దానికి 6 స్క్వేర్ ఎంఎం వైరు, ఏసీ నడుస్తుండగా పెడితే మా ఇంటి మెయిన్ తట్టుకోదు. పగలు ఒకరు, రాత్రి ఒకరు నడిపే ఇల్లయితే, లేదా టాక్సీకి తిప్పేవాళ్లయితే అప్పుడు పనికొస్తుంది. పెద్ద బ్యాటరీ కార్లు, నలభై యూనిట్ల పైన ఉన్నవి, రోజూ ఖాళీ చేసి వచ్చేవాళ్లకు కూడా. మిగతావాళ్లు ఆ డబ్బు ఎర్తింగ్ మీద పెట్టండి.

ఎండాకాలం గురించి కొంచెం. మేలో రాత్రి తొమ్మిది, పది మధ్య మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఏసీ వేస్తారు, వోల్టేజీ 200 దగ్గరికి పడిపోతుంది. ఆ టైములో చార్జింగ్ పెడితే మెల్లగా ఎక్కుతుంది, ఒక్కోసారి మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. పదకొండు తర్వాత పెడితే ఏ ఇబ్బందీ లేదు. మా ఇంటి కనెక్షన్‌కు రాత్రి రేటు తక్కువేమీ లేదు, వోల్టేజీ కోసమే ఆ టైము. ఇంకోటి, సాయంత్రం 43 డిగ్రీల ఎండలో హైవే మీద వచ్చిన కారుకు వెంటనే ప్లగ్గు పెట్టను, రెండు మూడు గంటలు చల్లారనిస్తాను. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కారు చార్జింగ్ ఊసే ఎత్తొద్దు. మా సాకెట్ లైను ఇన్వర్టర్‌కు కలవకుండా వేయించుకున్నాం, మీరూ అది అడిగి చూసుకోండి. పద్నాలుగు నెలల్లో కరెంటు పోయి పొద్దున కారు నిండకుండా ఉన్నది రెండుసార్లు. రెండుసార్లూ డోన్ దాకా పోయి వచ్చేంత ఉంది కాబట్టి సెలవు పెట్టాల్సిన పని రాలేదు.

బయట ఫాస్ట్ చార్జింగ్ హైదరాబాద్ వెళ్లినప్పుడే వాడతాను, కర్నూలు నుంచి 215 కిలోమీటర్లు కాబట్టి దారిలో ఒకసారి ఆగాలి. పోయినసారి 16 యూనిట్లకు 370 రూపాయలు కట్టాను, యూనిట్ 23. ఇంట్లో పడేదానికి రెండున్నర రెట్లు. ఇంట్లో పార్కింగ్ లేక రోజూ బయటే పెట్టుకోవాల్సిన వాళ్లకు కిలోమీటరు దాదాపు మూడు రూపాయలు పడుతుంది. అపార్టుమెంటులో ఉండేవాళ్లు కారు బుక్ చేసే ముందే అసోసియేషన్‌తో మాట్లాడి మీ మీటరు నుంచి పార్కింగ్ దాకా లైను వేసుకోనిస్తారా లేదా కనుక్కోండి. మా అక్కావాళ్లు కారు వచ్చాక అడిగారు, నాలుగు నెలలు పట్టింది.

ఇంట్లో చార్జింగ్ నాకు నచ్చిందా అంటే చాలా నచ్చింది. పెట్రోలు బంకు క్యూలో నిలబడి ఏడాది దాటింది. కానీ 16,500 పెట్టి లైను, ఎర్తింగ్ సరిగ్గా చేయించాక వచ్చిన అనుభవానికి ఈ మాట, మొదటి ఇరవై మూడు రోజులకు కాదు.

మాస్టారి కారు వచ్చే వారం వస్తోంది. నా నోటుబుక్కు రెండు రోజులు ఆయన దగ్గరే ఉంది, స్లాబులన్నీ ఎర్ర పెన్నుతో మళ్లీ లెక్కేసి ఒక చోట నా కూడిక తప్పు పట్టుకున్నారు. ఎర్తింగ్ పనికి ఆ పెద్దాయన్నే పిలిపించాను. నిన్న గుంత మొదలుపెడితే నాలుగడుగుల్లో బండ తగిలింది, ఇవాళ పొద్దున కొబ్బరిచెట్టు పక్కన ఇంకోటి తవ్వుతున్నారు.